ఉక్క పోసే రాత్రులు, ఊరికే వచ్చే చిరాకు

మే నెలలో విజయవాడలో 42 డిగ్రీలంటే అందరూ అయ్యో అంటారు, వైజాగ్‌లో 35 అంటే మాత్రం "మీకేంటండీ, బీచ్ ఉంది" అనేస్తారు. ఆ బీచ్ నుంచే ఈ తేమంతా వస్తోందని వాళ్ళకి చెప్పడం కష్టం. గాజువాకలోనో కంచరపాలెంలోనో పై అంతస్తు గదిలో ఉండేవాళ్ళని అడగండి. సాయంత్రం తీగ మీద ఆరేసిన లుంగీ పొద్దున్న చూసినా చెమ్మగానే ఉంటుంది, ఒంటి మీద చెమటదీ అదే కథ. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలోకాలరీల వేడిని పట్టుకుపోతుంది, అదే ఆరకుండా వీపు మీంచి జారి బనీను తడిపితే ఆ చల్లదనం మనకి దక్కదు.

పగలు ఎలాగో గడిచిపోతుంది, మధ్యాహ్నానికి సముద్రం గాలి తిరుగుతుంది. మనసుని దెబ్బకొట్టేది రాత్రి. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త దిగాలి, అందుకోసం మెదడు అరచేతుల్లో, అరికాళ్ళలో రక్తనాళాలని వెడల్పు చేసి వేడిని బయటికి తోసేస్తుంది. గదిలో గాలే ఉడికిపోతూ, పగలంతా ఎండకి కాలిన శ్లాబు పైనుంచి సెగ దింపుతుంటే ఆ పని సగంలోనే ఆగుతుంది. గాఢనిద్ర తగ్గుతుంది, కలలొచ్చే నిద్రా తగ్గుతుంది. అర్ధరాత్రి లేచి దిండు తిరగేసుకోవడం, ఈలోగా కరెంటు పోవడం, ఇక తెల్లారేదాకా జాగారమే. నిద్ర చాలని మెదడులో భయాన్నీ కోపాన్నీ పుట్టించే అమిగ్డలా ఎక్కువగా ఎగిరిపడుతుంది, దాన్ని అదుపులో పెట్టే ముందుభాగం పట్టు సడలుతుంది. మర్నాడు కాఫీలో పంచదార తక్కువైందని ఇంట్లోవాళ్ళ మీద అరిచేది అందుకే.

ఈ చిరాకు ఊరికే వచ్చేది కాదు. 1984లో అమెరికా మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ బృందం చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ని వర్ణించింది, 1987లో థామస్ వేర్‌తో కలిసి ఆయనే వేసవి రకం గురించీ రాశారు. చలికాలం రకంలో అతిగా నిద్ర, అతిగా ఆకలి. వేసవి రకంలో నిద్ర పట్టదు, అన్నం సయించదు, కాలు ఒక చోట నిలవదు. మన దగ్గర దీన్ని "వేడి చేసింది" అని సరిపెట్టేస్తాం. అమెరికాలో 2010 నుంచి 2019 దాకా వేసవి నెలల్లో ఎమర్జెన్సీ విభాగాల రికార్డులు చూస్తే, బాగా వేడెక్కిన రోజుల్లో మానసిక సమస్యలతో వచ్చినవాళ్ళు చల్లటి రోజులకంటే సుమారు 8 శాతం ఎక్కువ.

మరేం చేయాలి అంటే, నా లెక్కలో ముందు రాత్రిని బాగుచేసుకోవాలి, మిగతావన్నీ తర్వాతే. పడుకునే ముందు ఐసు నీళ్ళు దిమ్మరించుకుంటే చర్మంలో నాళాలు ముడుచుకుని వేడి లోపలే ఉండిపోతుంది, దానికన్నా గంట ముందు గోరువెచ్చటి స్నానం మేలు. నీళ్ళు పోసే కూలర్ మన ఊరికి పనికిరాదు, ఉన్న తేమకి ఇంకాస్త కలుపుతుంది (అయినా ప్రతి వేసవీ కొంటూనే ఉంటాం). ఏసీ ఉంటే గాలిలో తేమని లాగేసే డ్రై మోడ్‌లో పెట్టండి, లేకపోతే సాయంత్రం గాలికి ఎదురెదురు కిటికీలు తీసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని ఫ్యాను కింద పడుకోండి. బీరు తాగితే నిద్ర వచ్చినట్టే ఉంటుంది గానీ తెల్లవారుజామున అదే లేపుతుంది. నీళ్ళ సంగతి మర్చిపోకండి, ఒంటి బరువులో ఒకటిన్నర శాతం నీరు తగ్గినా మూడ్ పాడై తలనొప్పి పట్టుకుంటుంది. చోడి అంబలి, ఉప్పేసిన మజ్జిగ మనకి కొత్తేం కాదు కదా. నడక ఉంటే తెల్లవారగానే, బీచ్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే కానిచ్చేయండి.

దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, బతకాలని లేదనిపిస్తే, వాతావరణాన్ని తిట్టుకుంటూ కూర్చోవద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. ఇప్పటికే లిథియం (మూడ్ విపరీతంగా మారే జబ్బుకి ఇచ్చే మందు) వాడుతున్నవాళ్ళు మాత్రం వేసవి మొదట్లోనే డాక్టర్ని కలవండి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు, కొన్ని ఇతర మానసిక మందులు చెమటనే తగ్గిస్తాయి. సొంతంగా మాత్రలు ఆపేయడం ఇంకా ప్రమాదం. రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో, ఎన్ని నీళ్ళు తాగాలో ఆయన్నే అడిగి చీటీ మీద రాయించుకోండి.