ఎర్ర కాలు, నీలం కాలు: బయాలజీ పరీక్షల మీద అపోహలు - వాస్తవాలు

డిగ్రీ మొదటి ఏడాది బయాలజీ చెప్పేవాళ్లకి ఏటా ఎదురయ్యేదే ఇది. నిర్వచనం అడిగితే కామా కూడా పోకుండా రాసిన విద్యార్థి, అదే విషయాన్ని కాస్త పక్కకి తిప్పి అడిగేసరికి తెల్లమొహం వేస్తాడు. సరిగ్గా చదవట్లేదని విసుక్కుంటాం. నేనూ చాలా ఏళ్లు విసుక్కున్నాను. ఇప్పుడు ముందుగా నా ప్రశ్నపత్రాన్నే అనుమానిస్తున్నాను. స్టాఫ్ రూములో తరచూ వినిపించే మాటలు, ఒకప్పుడు నేను కూడా అన్నవి, కొన్ని చూద్దాం.

అపోహ: నిర్వచనం తప్పు లేకుండా రాశారంటే విషయం అర్థమైనట్టే.

ఒక పేపరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. క్షయకరణ విభజన (బీజకణాల కోసం క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణవిభజన) గురించి ఆ అమ్మాయి రాసిన పేరాలో వంక పెట్టడానికేమీ లేదు. దాని కింద ఇంకో ప్రశ్న ఇచ్చాను. నాలుగు క్రోమోజోములున్న కణాన్ని మొదటి మధ్యస్థ దశలో, అంటే జతలు కణం మధ్యలో బారులు తీరినప్పుడు, గీయాలి, తల్లి నుంచి వచ్చినవాటికి ఎరుపు, తండ్రి నుంచి వచ్చినవాటికి నీలం వేయాలి. ఆమె గీసిన ప్రతి ఎక్స్ ఆకారపు క్రోమోజోముకీ ఒక కాలు ఎర్రగా, ఒక కాలు నీలంగా ఉంది.

ఆ రెండు కాళ్లూ సోదర క్రొమాటిడ్లు. ఒకే డీఎన్ఏ రెండుగా కాపీ అయితే వచ్చినవి. క్రాసింగ్ ఓవర్‌లో, అంటే జత క్రోమోజోములు ముక్కలు మార్చుకునేటప్పుడు, మారే ముక్కల్ని పక్కన పెడితే రెండూ ఎర్రగా ఉండాలి, లేదా రెండూ నీలంగా ఉండాలి. అమ్మా నాన్నల జత ఒకే ఎక్స్‌లో ఇమిడి ఉంటుందని ఆమె అనుకుంటోంది. అలా అనుకునే మనిషికి 'సమజాతీయ క్రోమోజోములు (తల్లిది ఒకటి, తండ్రిది ఒకటిగా ఉన్న జత) విడిపోతాయి' అంటే ఎక్స్ నిలువునా చీలిపోవడమే. వాక్యం మనదే, అందులో ఆమెకి కనిపించే బొమ్మ మాత్రం వేరు. మిగతా పేపర్లు తిరగేస్తే అలాంటి రెండు రంగుల ఎక్స్‌లు ఇంకా చాలా దొరికాయి. బొమ్మ అడగకపోయి ఉంటే వాళ్లందరికీ పూర్తి మార్కులు వేసి, ఆ తర్వాత జన్యుశాస్త్రం ఎందుకు తలకెక్కట్లేదా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. అప్పటినుంచి ప్రతి పరీక్షలో ఒక బొమ్మ ప్రశ్న తప్పనిసరిగా పెడుతున్నాను. దిద్దడానికి అర నిమిషం చాలు.

అపోహ: బిట్లు బట్టీని మాత్రమే కొలుస్తాయి.

'కణశక్త్యాగారాలు అని వేటిని అంటారు?' అని అడిగితే (జవాబు మైటోకాండ్రియా) నిజంగానే అంతే. అదే అధ్యాయం నుంచి 'వేరు కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయా?' అని అడిగి చూడండి. మొక్కకి కిరణజన్య సంయోగక్రియ ఉండగా ఇవెందుకు అనుకునేవాళ్లు వెంటనే బయటపడతారు. (ఉంటాయి. హరితరేణువులు లేని వేరు కణానికి అవి లేకపోతే గడవదు.)

మంచి బిట్ రహస్యమంతా తప్పు జవాబుల్లో ఉంది. నలుగురూ నవ్వుకునే ఆప్షన్లు పెట్టి లాభం లేదు. పాత పేపర్లలో విద్యార్థులు నమ్మి రాసిన తప్పుల్నే తెచ్చి పెట్టాలి. 17వ శతాబ్దపు శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ ప్రయోగం అందుకు బాగా పనికొస్తుంది. 200 పౌన్ల ఎండుమట్టిలో 5 పౌన్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు పోశాడు. చెట్టు 169 పౌన్లు దాటింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులు. ఆయన చనిపోయాక 1648లో ఈ వివరాలు అచ్చయ్యాయి. చెట్టు ఎండు బరువులో అత్యధిక భాగం ఎక్కడిది? మట్టి, నీరు, గాలి, ఎండ: ఇవీ ఆప్షన్లు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని పొల్లుపోకుండా రాసినవాళ్లు కూడా మట్టికి టిక్ పెడతారు. నీరని హెల్మాంటే పొరబడ్డాడు కాబట్టి వాళ్లనేం అంటాం! కార్బన్ డై ఆక్సైడ్ బరువున్న పదార్థమని, ఆ బరువే కొయ్యగా మారుతుందని ఒప్పుకోవడానికి మనసు మొరాయిస్తుంది.

ఒక జాగ్రత్త: నాలుగేసి ఆప్షన్లున్న 40 బిట్లకి కళ్లు మూసుకుని పెట్టినా సగటున 10 కుదురుతాయి. కీలకమైన బిట్ కింద 'ఎందుకు?' అని ఒక గీత వదలండి.

అపోహ: విషయం తెలుసు, చెప్పడమే రాలేదు.

కొన్నిసార్లు నిజమే. కానీ 'బ్యాక్టీరియా మందుకి అలవాటు పడింది' అని రాస్తే పోనీలే అని మార్కు వేయకండి. మనమూ మాటల్లో అలాగే అంటాం, చిక్కంతా అక్కడే ఉంది. ఏ ఒక్క బ్యాక్టీరియా అలవాటు పడదు. తట్టుకునే జన్యుమార్పు ముందే ఉన్నవి మిగులుతాయి, మిగతావి చస్తాయి, మిగిలినవాటి సంతతి పెరుగుతుంది. 'అలవాటు' అనే మాటలో ఈ చావులేవీ కనిపించవు. 'శ్వాస' కూడా ఇలాంటిదే. ఆ మాట వినగానే ఊపిరితిత్తులు గుర్తొస్తాయి, ఇక కణశ్వాసక్రియ (కణం ఆహారం నుంచి శక్తి తీసుకోవడం) మొక్కల్లో రాత్రిపూట మాత్రమే జరుగుతుందని తేల్చేస్తారు. నిజానికి పగలూ రాత్రీ జరుగుతుంది. అందుకే ఈ రెండు మాటలూ వాడకుండా వివరించమని అడుగుతాను. క్లాసంతా గగ్గోలు.

అపోహ: అనుభవం ఉంటే ఎవరు దిద్దినా ఒకటే.

1912లో స్టార్చ్, ఇలియట్ అనే అమెరికన్ పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రాన్ని వందమందికి పైగా టీచర్లతో దిద్దించారు. 100కి 64 నుంచి 98 దాకా పడ్డాయి. ఇంగ్లిష్ కదా అనుకునేరు, మరుసటి ఏడాది జామెట్రీ పేపరుకి 28 నుంచి 95 దాకా వచ్చాయి. పేరు కనపడకుండా, ఒక ప్రశ్న అందరివీ అయ్యాకే రెండోది దిద్దడం, దేనికి మార్కు వేయకూడదో కూడా ముందే కీలో రాసుకోవడం నాకు కలిసొచ్చాయి.

అపోహ: పరీక్ష కొలవడానికే, నేర్చుకోవడం అంతకుముందే అయిపోతుంది.

రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని పదేపదే చదివారు, కొందరు చదివాక చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు గెలిచారు. ముందురోజు రాత్రి చదివితే సరిపోతుందన్న ధీమా ఎక్కడ పుడుతుందో ఆ 5 నిమిషాలే చెబుతాయి. వారానికో చిన్న క్విజ్ పెట్టడానికి నాకీ ఒక్క కారణం చాలు.

అపోహ: 'అర్థమైందా?' అంటే తలూపారు, అర్థమైనట్టే.

2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల మీద వచ్చిన అధ్యయనంలో, తామే లెక్కలతో కుస్తీ పట్టిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కటి ఉపన్యాసం విన్నవాళ్లది సరిగ్గా దీనికి తిరగేసిన పరిస్థితి. తలూపడం మన గొంతుకి దక్కే మెచ్చుకోలు, అంతే.

అపోహ: మార్కుతో పాటు రెండు ముక్కలు రాసిస్తే దిద్దుకుంటారు.

మార్కు చూస్తారు, పేపరు మడుస్తారు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు, మార్కులూ వ్యాఖ్యలూ కలిపి అందుకున్నవాళ్లు మెరుగవలేదు. అది స్కూలు పిల్లల మీద చేసింది కాబట్టి కాలేజీకి అచ్చంగా వర్తిస్తుందనను. అయినా ప్రయత్నించాను. ఇప్పుడు పేపర్లు ముందు వ్యాఖ్యలతోనే ఇస్తాను, మార్కులు రెండ్రోజుల తర్వాత. సణుగుళ్లు మామూలే.

ఆ రెండు రంగుల ఎక్స్ పక్కన ఒకటే రాశాను: 'ఈ ఎర్ర కాలు దేన్నుంచి కాపీ అయింది?' రెండో రోజు ఆ అమ్మాయి కొత్త కాగితం మీద మళ్లీ గీసుకొచ్చింది. ఒక ఎక్స్ మొత్తం ఎరుపు, దాని జత మొత్తం నీలం. రెండో జతలో ఒకటి ఎర్రగానే ఉంది, ఇంకోదానికి రంగే లేదు. ఇదేమిటన్నాను.

"నీలం స్కెచ్ పెన్ అయిపోయింది సార్," అంది.