పగటి కలను పనిలో పెట్టడం: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఫలితాన్ని ఎంత తియ్యగా ఊహించుకుంటే అది అంత త్వరగా చేతికొస్తుంది.

వాస్తవం: చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నోటినోటా పాకిన ఈ మాటను నమ్మి నెలలకు నెలలు పోగొట్టుకుని, చివరికి తప్పు తమదేనని కుమిలిపోతారు. తప్పు వాళ్ళది కాదు, పద్ధతిది. మనస్తత్వవేత్తలు ఓటింగెన్, వాడెన్ 1991లో ప్రచురించిన అధ్యయనం చూడండి. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల్లో, సన్నబడినట్టు తియ్యటి ఊహల్లో తేలినవాళ్ళు తక్కువ తగ్గారు. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్ళు ఎక్కువ తగ్గారు. నమ్మకం వేరు, ఊహ వేరు. ఊహలో పని అయిపోతే ఒళ్ళు కదలదు.

అలాగని కలను చంపుకోనక్కర్లేదు. ఊహించిన వెంటనే అడ్డంకి రాయండి. పిల్లల బొమ్మల పుస్తకమే మీ కల అనుకుందాం. ఎనిమిది కాగితాలు మధ్యకు మడిచి కుట్టండి, 32 పేజీల నమూనా తయారు. పెన్సిల్ గీతలతో కథ మొత్తం అందులో పరచండి. కథ ఎక్కడ సాగుతోందో, ఎక్కడ బొమ్మ చాలక మాటలు పెరిగాయో అప్పుడు కనబడుతుంది. బుర్రలో ఉన్నంతసేపూ కనబడదు. తర్వాత మీలోని అడ్డంకి ఒక్కటి తీసుకోండి: "రాత్రి అలసిపోయి బల్ల దగ్గరికి వెళ్ళను." దానికి జవాబు: "భోజనం కాగానే, అలసటగా ఉన్నా సరే, ఒక్క బొమ్మకు రూపురేఖలు గీస్తాను." "రోజూ గీస్తాను" అని రాస్తే పనిచేయదు, ఎప్పుడు గీస్తారన్నది అందులో లేదు కాబట్టి.

అపోహ: గడువు పెట్టుకుంటే చాలు.

వాస్తవం: గడువుకు ముందు ఒక జంట పేజీ (తెరిచినప్పుడు ఎదురెదురుగా కనబడే రెండు పేజీలు) పూర్తిగా గీసి గంటలు లెక్కపెట్టండి. ఆరు గంటలు పడితే, శీర్షిక, ప్రచురణ వివరాల వంటి పేజీలు పోను కథకు మిగిలే 14 జంటలకు 84 గంటలు. వారానికి ఐదు గంటలే దొరికితే దాదాపు 17 వారాలు. అంచనాలు తరచూ తక్కువే వస్తాయి: 1994 నాటి ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్‌కు సగటున 34 రోజులనుకుంటే దాదాపు 56 రోజులు పట్టింది. కాబట్టి ఆ 17కు కనీసం సగం కలపండి.

అపోహ: ఊహలు ఎక్కువైతే ఏ పనీ కాదు.

వాస్తవం: ఊహలు ఎన్నైనా ఉండనివ్వండి, చేతిలో పని ఒక్కటే ఉండాలి. మిగతావి తేదీ వేసి వేరే నోటుపుస్తకంలో రాసి, నమూనా పూర్తయ్యేదాకా తెరవకండి.