టీడీఎస్ మీటరు చెప్పని సంగతులు: తాగునీటిపై అపోహలు, వాస్తవాలు

"ఈ నీళ్లు మంచివేనా?" అని అడుగుతారు అందరూ. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు కాదది. నీళ్లలో క్రిములు వేరు, నేలలోంచి కరిగి వచ్చే రసాయనాలు వేరు, మన ఇంటి పైపుల్లోనే కలిసే లోహాలు వేరు. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు, ఒక్కోసారి దాన్ని ఇంకా పెంచుతుంది. చిన్న పట్టణాల్లో తరచూ వినబడే అపోహలన్నీ ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడంతో పుట్టినవే.

అపోహ: టీడీఎస్ తక్కువుంటే మంచి నీళ్లే

పెన్నులా ఉండే ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నదే. ఆ విలువను 0.5కీ 0.7కీ మధ్య ఉండే ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని, అంటే లీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఇన్ని మిల్లీగ్రాములని, తెర మీద చూపిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు, బైకార్బనేట్ అన్నీ కలిపి ఒకటే అంకె. అందులో ఏది ఎంతో దానికి తెలీదు.

ఆర్సెనిక్ సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలో దానికి పదింతలు, అంటే 0.1 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్నా మీటరు మీద అంకె కదలదు. సీసమూ అంతే. ఇక మురుగు: లీటరు వాన నీళ్లలో చెంచాడు మురుగు కలిపి ముంచితే అంకె మూడో నాలుగో పెరుగుతుందేమో. ఆ నీళ్లు తాగితే మాత్రం ఇంటిల్లిపాదీ మంచం పడతారు.

మీటరును పారేయమని కాదు. బోరు నీళ్ల టీడీఎస్ ఉన్నట్టుండి మారితే భూమి లోపల ఏదో మారిందని అర్థం, పరీక్షకు పంపాలి. ఆర్‌ఓ (ఒత్తిడితో సన్నని పొర గుండా నీళ్లను వడకట్టే మిషన్) పొర పనితనం చూడటానికీ ఇది బాగా పనికొస్తుంది. అంతకు మించి దాన్ని నమ్మకండి.

అపోహ: ఆర్‌ఓ పెట్టించాం, ఇక దిగుల్లేదు

ఆర్‌ఓ పొర మంచి స్థితిలో ఉంటే కరిగిన లవణాల్లో 90 శాతానికి పైగా ఆపుతుంది. లోపలికి వెళ్లే నీళ్లు 800 ఉంటే బయటికి వచ్చేవి 80 లోపు ఉండాలి. క్రమంగా పెరుగుతూ వస్తే పొర అరిగిపోతోంది. ఒక్కసారిగా పెరిగితే చాలాసార్లు పొర బాగానే ఉంటుంది, దాని మొదట్లో ఉండే రబ్బరు రింగు జారి పచ్చి నీళ్లు పక్కనుంచి దూరుతుంటాయి. కొత్త పొర కొనేముందు ఆ రింగు చూడమనండి.

దీనికంటే ఎవరూ పట్టించుకోని విషయం ఒకటుంది. "నీళ్లు చప్పగా ఉన్నాయి, టీడీఎస్ కాస్త పెంచు" అంటే మెకానిక్ ఒక చిన్న మర తిప్పుతాడు. ఖనిజాలు కలుపుతున్నాడనుకుంటాం. చాలా మిషన్లలో ఆ మర చేసేది ఒకటే: పొర గుండా వెళ్లని నీళ్లను కొంత తెచ్చి శుద్ధి చేసిన నీళ్లలో కలపడం. లెక్క వేద్దాం. పచ్చి నీళ్లు 800, పొర దాటినవి 40. గ్లాసులోకి 150 రావాలంటే దాదాపు ఏడో వంతు పచ్చి నీళ్లే కలవాలి. పచ్చి నీళ్లలో ఆర్సెనిక్ 0.1 ఉంటే ఆ ఏడో వంతుతోనే గ్లాసులో 0.014 చేరుతుంది, పరిమితి దాటినట్టే. పక్కన యూవీ (అతినీలలోహిత) దీపం ఉంటే క్రిములు చస్తాయి గానీ ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ మీద ఆ వెలుగు ప్రభావం ఏమీ ఉండదు. ఏ రసాయనం కోసం ఆర్‌ఓ పెట్టించారో అది మీ నీళ్లలో నిజంగా ఉంటే, ఆ మరను పూర్తిగా మూయించండి.

యూవీ దీపం గురించి ఒక మాట. నీలంగా వెలుగుతోంది కదా, పనిచేస్తున్నట్టే అనుకోవద్దు. క్రిములను చంపే కిరణం కంటికి కనబడదు. నిరంతరం వెలిగే దీపానికి సుమారు ఏడాదిలో ఆ కిరణం బలం తగ్గిపోతుంది, నీలి వెలుగు మాత్రం ఉంటూనే ఉంటుంది. దీపం చుట్టూ ఉండే గాజు గొట్టానికి తెల్లగా ఉప్పు పేరుకున్నా అంతే.

ఆర్‌ఓ తొట్టిలో నిలవున్న నీళ్లకు క్లోరిన్ రక్షణ ఉండదు, ముందున్న కార్బన్ వడపోత దాన్ని పీల్చేస్తుంది. నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే తొట్టి మొత్తం ఖాళీ చేసి, మళ్లీ నింపి, ఆ మొదటి తొట్టి నీళ్లు కూడా వదిలేశాకే తాగండి.

అపోహ: కాచి చల్లార్చితే ఏ నీళ్లైనా సురక్షితమే

క్రిముల వరకు ఇది నూటికి నూరుపాళ్లు నిజం. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం చాలు, 2,000 మీటర్లకు పైన ఎత్తున్న చోట్ల మూడు నిమిషాలు. ఇరవై నిమిషాలు మరిగించాలన్న మాట గ్యాసు దండగ.

ఇబ్బంది రసాయనాలతో. మరిగేటప్పుడు పోయేది నీటి ఆవిరి, లవణాలు గిన్నెలోనే మిగులుతాయి. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న నీళ్లు 10 లీటర్లు పొయ్యి మీద పెట్టి 8 లీటర్లయ్యేదాకా మరిగించారనుకోండి, ఇప్పుడు లీటరుకు 56. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నైట్రేట్ పరిమితి 50. పరిమితిలో ఉన్న నీళ్లను మన చేత్తో దాటించాం. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు పాలపొడి కలిపే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. నైట్రేట్ ఎక్కువైతే పసివాళ్ల రక్తం ప్రాణవాయువును మోయలేక పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. ఎరువులు ఎక్కువ పడే పొలాల పక్క, సెప్టిక్ గుంతల పక్క ఉన్న బావుల్లో నైట్రేట్ తప్పకుండా చూపించుకోవాలి.

అపోహ: క్లోరిన్ వాసన వస్తే విషం, రాకపోతే స్వచ్ఛం

కొళాయి చివర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉంటేనే దారిలో దూరే క్రిముల నుంచి కాపలా ఉన్నట్టు. క్లోరిన్ ఉందో లేదో చూపే డీపీడీ మాత్ర వేస్తే నీళ్లు లేత గులాబీ రంగుకు తిరగాలి. రంగు రాకపోతే అనుమానించాలి. వాసన నచ్చకపోతే మూత తీసిన బిందెలో కొన్ని గంటలు ఉంచండి, చాలావరకు పోతుంది.

అపోహ: బావిలో బ్లీచింగ్ ఎంత వేస్తే అంత మంచిది

డబ్బా బోర్లించడమే శుద్ధి అనుకునేవాళ్లు ఎక్కువ. పద్ధతి ఇదీ.

బావి వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని నీటి లోతుతో, 3.14తో గుణించి, నాలుగుతో భాగించండి. కొలతలు మీటర్లలో ఉంటే వచ్చేది ఘనపు మీటర్లు, వెయ్యితో గుణిస్తే లీటర్లు. 2 మీటర్ల వ్యాసం, 5 మీటర్ల నీళ్లుంటే 15,700 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున వేస్తే లీటరుకు సుమారు 0.7 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. ఈ బావికి దాదాపు 40 గ్రాములు. అంతే.

ఆ 40 గ్రాములను బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున సున్నం దిగుతుంది. పైన తేరిన నీళ్లనే ఇంకో బకెట్లోకి వంచుకుని, దాన్ని తాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తూ కలపండి. సున్నం మడ్డిని బావిలో పోయకండి, నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. గంట ఆగాకే తోడుకోవాలి. నీళ్లు బురదగా ఉన్నా, ఆకులు కుళ్లి ఉన్నా ఈ మోతాదు చాలదు, క్లోరిన్‌ను ఆ మట్టే తినేస్తుంది. ముందు పూడిక తీయాలి. మూతి తెరిచి నెలల తరబడి ఉంచిన పౌడర్‌లో క్లోరిన్ చాలావరకు ఎగిరిపోయి ఉంటుంది. ఎంత వేసినా గంట తర్వాత డీపీడీ రంగు చూపకపోతే అనుమానం మొదట పౌడర్ మీదికే పోవాలి.

మిద్దె మీది ట్యాంకుకు లెక్క వేరు. కడిగాక వెయ్యి లీటర్ల నీళ్లు నింపి, 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణం (ద్రవరూపంలో ఉండే క్లోరిన్ మందు) ఒక లీటరు పోస్తే క్లోరిన్ లీటరుకు 50 మిల్లీగ్రాములవుతుంది. కొళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేసి, ఒక రోజు ఉంచి, మొత్తం వదిలేయాలి. ఆ నీళ్లు తాగేందుకు, మొక్కలకు పనికిరావు. పొంగు గొట్టానికి సన్నని జాలీ కట్టడం మరవకండి, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది నిలవున్న ఇలాంటి తేట నీళ్లలోనే.

అపోహ: బోరు ఎంత లోతైతే నీళ్లు అంత శుభ్రం

క్రిముల విషయంలో కొంత నిజం. రసాయనాల విషయంలో తరచూ తలకిందులు: రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్, కొన్ని చోట్ల ఆర్సెనిక్, యురేనియం కరుగుతాయి. ఫ్లోరైడ్‌కు పరిమితి 1.5 మిల్లీగ్రాములు, రంగూ రుచీ ఉండవు. మురుగు బోరులోకి దిగేది సాధారణంగా పైనుంచే, కేసింగ్ పైపుకూ తవ్విన గోడకూ మధ్య సందులోంచి. కేసింగ్ నేల మీదికి ఒక అడుగైనా లేచి ఉండాలి, చుట్టూ బయటికి వాలే సిమెంటు గట్టు ఉండాలి.

అపోహ: మోటారు నేరుగా పైపుకు బిగిస్తే నీళ్లు బాగా వస్తాయి, అంతకు మించి నష్టం లేదు

నీళ్లు రోజుకు ఒక గంటే వదిలే ఊళ్లలో అతి పెద్ద ప్రమాదం ఇదే. మోటారు పైపులో ఒత్తిడిని బయటి ఒత్తిడి కంటే తగ్గిస్తుంది. అప్పుడు పైపులో ఎక్కడ చిల్లున్నా నీళ్లు బయటికి కారడం మానేసి, చుట్టూ ఉన్న మురుగే లోపలికి వస్తుంది. అది మీ ఇంటితో ఆగదు, వీధి మొత్తానికి చేరుతుంది. నీళ్లను వాటంతట అవే సంపులోకి పడనిచ్చి, సంపు నుంచి మోటారుతో ఎక్కించుకోండి. నీళ్లు వదిలిన మొదటి కొన్ని నిమిషాలవి తాగడానికి పట్టకండి.

అపోహ: గీజరు నీళ్లు వేడిగానే ఉన్నాయిగా, వంటకు వాడొచ్చు

వద్దు. వేడి నీళ్లు ఇత్తడి కొళాయిలు, పాత అతుకుల నుంచి సీసాన్ని ఎక్కువగా కరిగిస్తాయి, కాచినా అది పోదు. వంటకు చల్లటి కొళాయి నీళ్లే పట్టండి, అదీ రాత్రంతా పైపులో నిలిచినవి వదిలేశాక. అమెరికాలో ఫ్లింట్ నగరం 2014లో నీటి వనరు మార్చి, పైపుల తుప్పును ఆపే రసాయనం కలపకపోవడంతో సీసం ఇళ్లలోకి చేరింది. వనరు మారితే పాత పైపుల తీరు కూడా మారుతుంది.

ఇంటి గాలి, దుమ్ము గురించి

పాత పెయింటు గోకేటప్పుడు పొడిగా రుద్దితే సీసం దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతులకు మొదట అంటుతుంది. గోడ తడిపి గోకండి, తడిబట్టతో తుడవండి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజరు ఉంటే వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది, కిటికీ ఉందన్న ధైర్యం చాలదు, పొగ గొట్టం బయటికి వెళ్లాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, బ్లీచింగ్ ఒకదాని మీద ఒకటి పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గోడకు బూజు మళ్లీ మళ్లీ వస్తోందంటే రంగు వేయడం ఆపి, నీళ్లు ఎక్కణ్ణించి ఊరుతున్నాయో వెతకండి.

అపోహ: కడిగిన సీసాలో పట్టి ల్యాబుకిస్తే చాలు

తప్పుడు రిపోర్టుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. క్రిముల పరీక్షకు ల్యాబు ఇచ్చే శుద్ధి చేసిన సీసానే వాడాలి. అందులో ఉన్న కొద్దిపాటి పొడిని కడిగేయకండి. అది థయోసల్ఫేట్, దారిలో క్లోరిన్ క్రిములను చంపి అబద్ధపు ఫలితం రాకుండా ఆపుతుంది. కొళాయి మూతి తుడిచి, రెండు మూడు నిమిషాలు వదిలి, సీసా అంచుకు వేలు తగలకుండా, పైన కాస్త ఖాళీ ఉంచి పట్టండి. ఐస్ పక్కన పెట్టి ఆరు గంటల్లో చేర్చితే మంచిది. వంద మిల్లీలీటర్లలో ఈ.కోలి (నీళ్లలో మలం కలిసిందని చూపే క్రిమి) ఒక్కటి కూడా ఉండకూడదు.

సీసం పరీక్షకు సరిగ్గా దీనికి వ్యతిరేకం. కనీసం ఆరు గంటలు కొళాయి తిప్పకుండా ఉంచి, తెల్లవారి మొదటి చుక్క నుంచే పట్టాలి. ముందే వదిలేస్తే మీరు వెతుకుతున్న సీసమే కాలువలోకి పోతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్‌లకు వేరే సీసాలు అడగండి. క్రిముల పరీక్ష తొలి వానలు పడిన వారంలో మరోసారి చేయించండి, వేసవిలో శుభ్రంగా తేలిన బావులు ఎక్కువగా పరీక్ష తప్పేది అప్పుడే.