ముసలి కుక్కలు, పీయూష గ్రంథి, రోగనిరోధక శక్తి: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో పశువైద్యం చేస్తున్న నాకు వయసు మళ్లిన కుక్కల యజమానుల నోట తరచూ వినిపించే మాట: "దానికి వయసైపోయింది డాక్టర్ గారూ, ఇంక ఇంతే కదా."

అపోహ: ముసలితనంలో చర్మవ్యాధులు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడం సహజం.

వాస్తవం: ఎంవీపీ కాలనీ నుంచి తెచ్చిన 11 ఏళ్ల పొమేరియన్‌ను బల్ల మీద నిలబెడితే పొట్ట కుండలా జారి ఉంది, రెండు పక్కలా బొచ్చు సమానంగా ఊడి, పలచబడిన చర్మం కింద రక్తనాళాలు కనిపిస్తున్నాయి. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోందంటే ఇంట్లోవాళ్లు సముద్రపు ఉక్కపోత వల్లనేమో అనుకున్నారు. అది కుషింగ్స్ వ్యాధి. ఈ వ్యాధి వచ్చిన కుక్కల్లో సుమారు 80 నుంచి 85 శాతం వాటికి మూలం మెదడు అడుగున ఉండే పీయూష (పిట్యూటరీ) గ్రంథిలోని చిన్న కణితి; అది అడ్రినల్ గ్రంథులను పనిచేయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అదుపు లేకుండా వదలడంతో, మూత్రపిండాల దగ్గరుండే ఆ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను మితిమీరి తయారుచేస్తాయి, దాంతో రక్తంలో లింఫోసైట్ల (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాల) సంఖ్య పడిపోతుంది. కార్టిసాల్ వాపును, మంటను కూడా అణచివేస్తుంది కనుక మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పైకి తెలియకపోవచ్చు. అందుకే నేను మూత్రాన్ని కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే ల్యాబ్ పరీక్షకు) పంపిస్తాను.

అపోహ: పీయూష గ్రంథి పని ఎదుగుదల, సంతానోత్పత్తి వరకే.

వాస్తవం: పీయూష గ్రంథిని తీసేసిన ఎలుకల్లో, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి కుంచించుకుపోతుందని 1930లోనే గమనించారు. రోగనిరోధక శక్తికి కీలకమైన టీ కణాలు తయారయ్యే ఆ థైమస్ వయసుతో పాటు ఎలాగూ క్షీణిస్తుంది. అయితే 1986లో పీయూష గ్రంథి హార్మోన్లైన గ్రోత్ హార్మోన్, ప్రోలాక్టిన్‌లను స్రవించే కణాలను ముసలి ఎలుకల్లో అమర్చినప్పుడు థైమస్ మళ్లీ పెరిగింది.

అపోహ: అలాగైతే ముసలి కుక్కకు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: ఈ కోరిక నన్ను చాలామందే అడిగారు, నేను ఒప్పుకోలేదు. ఆ హార్మోన్ ఎక్కువైతే కుక్కకు షుగర్ వస్తుంది. పైగా గ్రోత్ హార్మోన్, ప్రోలాక్టిన్ రెండూ పుట్టుకతోనే కొరవడిన 'ఏమ్స్' (Ames) అనే రకం మరుగుజ్జు చుంచెలుకలు మామూలు తోబుట్టువుల కన్నా దాదాపు సగం ఎక్కువ కాలం, కొన్నిసార్లు అంతకు మించి బతుకుతాయి.

అపోహ: ముసలి కుక్కకు టీకాలు అనవసరం.

వాస్తవం: పాత టీకాల జ్ఞాపకం చాలావరకు నిలుస్తుంది కానీ, కొత్తగా ఎదురైన క్రిమికి స్పందన మందగిస్తుంది, రేబిస్ టీకాను ఏ వయసులోనూ మానకూడదు.