బల్క్ ఆర్డర్ల షీటు: అపోహలు, వాస్తవాలు

పెద్దమొత్తంలో తెప్పించి విడిగా అమ్మే వ్యాపారంలో లెక్క తప్పేది ఫార్ములాల వల్ల తక్కువ. ఒక్కో వరుసలో ఏం రాయాలో ముందే తేల్చుకోకపోవడం వల్లే ఎక్కువ. కింద చెప్పేవన్నీ ఎక్సెల్‌కీ గూగుల్ షీట్స్‌కీ పనికొస్తాయి.

అపోహ: ఆర్డర్‌కు ఒక వరుస చాలు, సరుకు వచ్చాక దాన్నే దిద్దుకోవచ్చు.

వాస్తవం: రకానికో వరుస ఉండాలి. ఒకే చొక్కాను మూడు సైజుల్లో, రెండు రంగుల్లో తెప్పిస్తే అవి ఆరు వరుసలు. "చొక్కాలు, మొత్తం 60" అని రాసుకుంటే ఏ సైజు అయిపోయిందో షీటు చెప్పలేదు. వచ్చిన సరుకును మాత్రం ఆర్డర్ షీటులో రాయకండి. దానికి వేరే షీటు పెట్టండి. తేదీ, ఆర్డర్ నంబరు, ఐటెం కోడు, వచ్చినవి, పాడైనవి, ఈ ఐదు కాలమ్‌లు సరిపోతాయి.

48 ఆర్డర్ చేస్తే మొదట 30, వారానికి మరో 15 వచ్చాయనుకోండి. 30ని చెరిపి 45 వేస్తే ఏ విడతలో తగ్గిందో చెప్పడానికి ఆధారం మిగలదు. రెండు విడతలూ రెండు వరుసలుగా ఉంటే, ఆర్డర్ నంబరు, కోడు రెండూ చూసి సమ్ఇఫ్స్ (SUMIFS) ఫార్ములా 45 అని కూడి ఇస్తుంది. ఇంకా 3 రావాలని సప్లయర్‌కు తేదీలతో సహా చూపించొచ్చు. పెట్టె విప్పి లెక్కపెట్టే మనిషికి ఆర్డర్ సంఖ్య ముందుగా చూపించకండి. కళ్లముందు 48 కనబడితే, 47 తేలినా తనే పొరబడ్డాననుకుని 48 వేసేస్తారు.

అపోహ: రవాణా ఖర్చును మొత్తం పీసులతో భాగిస్తే అసలు ధర తేలిపోతుంది.

వాస్తవం: ఎక్కువమంది లాభం ఇక్కడే కారిపోతుంది, కాబట్టి దీన్ని అంకెలతోనే చూడాలి. ఒకే లోడులో ఒక్కోటి 100 రూపాయల చొప్పున కొన్న కప్పులు 60, 300 చొప్పున కొన్న స్కార్ఫులు 40 వచ్చాయి. రవాణా 3000. పీసుకు 30 చొప్పున పంచితే కప్పు 130కి, స్కార్ఫు 330కి పడినట్టు కనిపిస్తుంది. కానీ కప్పు బరువు 400 గ్రాములు, స్కార్ఫు 150 గ్రాములు. మొత్తం 30 కిలోలకు 3000 అంటే కిలోకు 100. అలా చూస్తే కప్పు 140, స్కార్ఫు 315. కప్పును 150కి అమ్మేవాళ్లు 20 మిగులుతుందనుకుంటారు, మిగిలేది 10.

అదీ అన్నీ క్షేమంగా వస్తేనే. 60లో 3 కప్పులు పగిలి, వాటికి పరిహారం రాకపోతే, పెట్టిన 8400ను అమ్మగలిగే 57తో భాగించాలి. కప్పు 147.37కు పడింది. 150కి అమ్మితే మిగిలేది రెండున్నర చిల్లర. అందుకే పీసు ఖర్చు కాలమ్‌లో భాగించేది ఆర్డర్ చేసిన సంఖ్యతో కాదు, మంచిగా చేతికొచ్చిన సంఖ్యతో.

ఏ ప్రాతిపదికన పంచాలన్నదానికి ఒకటే నియమం: బిల్లు దేన్నిబట్టి వేశారో దాన్నిబట్టే. బరువుకు వేస్తే బరువు, ఆక్రమించిన జాగాకు వేస్తే పెట్టె కొలతలు, విలువ మీద పడే సుంకమైతే విలువ.

అపోహ: ఒక్కో కస్టమర్ ఆర్డర్‌ను కార్టన్ లెక్కకు పెంచి, చివర కూడితే సరి.

వాస్తవం: ముందు కూడాలి, తర్వాతే పెంచాలి. కార్టన్‌కు 12 ఉండే ఐటెంను ముగ్గురు తలో 8 అడిగారు. విడివిడిగా పెంచితే మూడు కార్టన్లు, అంటే 36. కలిపితే 24, సరిగ్గా రెండు కార్టన్లు. సంఖ్యను పై నిండు కార్టన్ లెక్కకు పెంచే సీలింగ్ (CEILING) ఫంక్షన్‌ను మొత్తం మీద ఒక్కసారే వాడండి, పక్కనే "మిగులు" కాలమ్ పెట్టండి. సైజుల సెట్లలో ఈ మిగులు మరీ ప్రమాదం. చిన్న, మధ్య, పెద్ద, అతిపెద్ద సైజులు 1:2:2:1గా కట్టిన ప్యాకులో మధ్య సైజు 10 కావాలంటే 5 ప్యాకులు, అంటే 30 పీసులు కొనాలి. మిగతా 20కి గిరాకీ ఉందో లేదో చూసుకోకుండా ఆర్డర్ ఖాయం చేయకూడదు.

అపోహ: కోడులు, బార్‌కోడులు అంకెలే కదా, అంకెలుగానే ఉండనివ్వొచ్చు.

వాస్తవం: షీటు వాటిని అంకెలనుకుంటే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్‌లో 15 అంకెలు దాటితే ఆపైవన్నీ సున్నాలవుతాయి. "2-4" అనే సైజు తేదీ అయి కూర్చుంటుంది. పేస్ట్ చేశాక టెక్స్ట్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు. కాబట్టి కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి, ఆ తర్వాతే పేస్ట్ చేయాలి. కోడు చివర కంటికి కనబడని ఖాళీ ఉన్నా కోడును బట్టి ధర వంటివి వెతికి తెచ్చే లుకప్ ఫార్ములాకు దొరకదు. ఆ ఖాళీని ట్రిమ్ (TRIM) ఫంక్షన్‌తో తీసేయండి.

అపోహ: వీలుకప్ (VLOOKUP) ఫార్ములా ఏదో ఒక ధర తెచ్చిందంటే అది సరైనదే.

వాస్తవం: చివరి ఆర్గ్యుమెంట్ (ఫార్ములా బ్రాకెట్లలో చివర ఇచ్చే విలువ) వదిలేస్తే అది దగ్గరి విలువను వెతుకుతుంది, పక్క ఐటెం ధర తెచ్చి పెట్టినా ఎర్రర్ చూపదు. అక్కడ ఫాల్స్ (FALSE) అని రాయడం తప్పనిసరి. దాని కొత్త రూపమైన ఎక్స్‌లుకప్ (XLOOKUP)కు ఈ బెడద లేదు.

అపోహ: డబ్బు కట్టినవాళ్ల వరుసకు పచ్చరంగు వేస్తే చాలు.

వాస్తవం: సమ్ఇఫ్స్‌కు రంగు కనబడదు. "స్థితి" కాలమ్‌లో డ్రాప్‌డౌన్ పెట్టి, రంగు దాన్నిబట్టి తనంతట తనే పడేలా చేయండి. గడులు కలిపేయడం కూడా మానండి, సార్టింగ్ అక్కడే ఆగిపోతుంది.

అపోహ: కొన్న ధర మీద 30 శాతం వేస్తే లాభం 30 శాతం.

వాస్తవం: 100కు కొని 130కి అమ్మితే అమ్మకంలో లాభం 23 శాతమే. అమ్మకం మీద 30 శాతం కావాలంటే 100ను 0.7తో భాగించాలి, 142.86 వస్తుంది. 130 మీద 10 శాతం తగ్గింపు ఇస్తే 117, అంటే చేతిలో మిగిలేది 17.

అపోహ: రేట్ల షీటులో ధర మార్చితే అన్నిచోట్లా మారడం మంచిదే.

వాస్తవం: కొత్త ఆర్డర్లకు మంచిదే. సప్లయర్ రేటు పెంచిన రోజున మూడు నెలల కిందటి ఆర్డర్ ఖర్చు కూడా పెరిగినట్టు చూపిస్తే మాత్రం పాత లాభనష్టాలన్నీ తప్పుతాయి. ఆర్డర్ ఖాయమైన రోజే ధర కాలమ్‌ను కాపీ చేసి, అదే చోట విలువలుగా మాత్రమే పేస్ట్ చేసి, పక్కన ఆ తేదీ వేయండి.