పాత లెగో స్పేస్ సెట్లు: కలెక్టర్లు నమ్మే అపోహలు, వాస్తవాలు

లెగో స్పేస్ సిరీస్ 1978లో మొదలైంది. 1987లో ఫ్యూచురాన్, బ్లాక్‌ట్రాన్ అనే కొత్త స్పేస్ సిరీస్‌లు వచ్చేదాకా నడిచిన ఆ తొలి దశనే ఇప్పుడు అందరూ క్లాసిక్ స్పేస్ అంటున్నారు. నీలం, గ్రే రంగుల ఓడలు, పసుపు రంగు పారదర్శక విండ్‌స్క్రీన్లు, ఛాతీ మీద గ్రహం బొమ్మ ఉన్న వ్యోమగాములు దాని గుర్తులు. దీన్ని రూపొందించిన యెన్స్ నైగార్డ్ నూడ్సెనే లెగో మినీఫిగర్‌కూ (చిన్న మనిషి బొమ్మకూ) సృష్టికర్త. ఈ సెట్ల ఉత్పత్తి ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి చేతిలో ఉన్నవాటిని కాపాడుకోవడమే మనం చేయగలిగింది. పిల్లల ఆటను తట్టుకుని నిలబడిన సెట్ ఆ తర్వాత పెద్దవాళ్ల 'బాగుచేత'లో పాడవడం చాలా బాధ కలిగిస్తుంది. కింది అపోహల్లో సగం ఆ బాపతువే.

అపోహ: 497, 928 రెండు వేర్వేరు ఓడలు

రెండూ గెలాక్సీ ఎక్స్‌ప్లోరరే. 1979లో వచ్చిన ఈ సెట్‌కు అమెరికాలో 497 అని, యూరప్‌లో 928 అని నంబర్ ఇచ్చారు. 487, 924 కూడా ఇలాగే ఒకే ఓడకు రెండు నంబర్లు. 493, 926 ఒకే కమాండ్ సెంటర్. అమెరికా బాక్స్‌లోని ఓడ మీద కూడా 'ఎల్ఎల్928' అనే ముద్ర ఉంటుంది. బాక్స్ మీద 497, ఓడ మీద 928 చూసి రెండు సెట్లు కలిపేశారని కొందరు అనుమానిస్తారు. అందులో తేడా ఏమీ లేదు.

అపోహ: 338 ముక్కలూ లెక్కకు వస్తే గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ పూర్తిగా ఉన్నట్టే

లెక్క సరిపోయినంత మాత్రాన సెట్ సరైనదని కాదు. ఒకే ఆకారంలో ఉన్న ముక్క 1979లోనూ వచ్చింది, 2010లోనూ వచ్చింది. అమ్మేవాళ్లు తప్పిపోయిన ముక్కల బదులు తర్వాతి కాలం ముక్కలు పెడతారు. చాలాసార్లు అది మోసం కాదు, వాళ్లకూ తేడా తెలియదు.

మొదట చూడాల్సింది గ్రే రంగు. 2004లో లెగో తన గ్రే రంగులను మార్చింది. పాత గ్రేలో వెచ్చని ఛాయ ఉంటుంది, కొత్త గ్రేలో కాస్త నీలం కలిసి ఉంటుంది. రెండు ప్లేట్లను పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే వెంటనే తెలిసిపోతుంది, గదిలోని బల్బు కింద మాత్రం మోసపోతారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఎండ తగిలి పసుపెక్కిన కొత్త గ్రే కూడా పాత గ్రేలాగే కనిపిస్తుంది. అలాంటప్పుడు ముక్కను తిప్పి అడుగున, గొట్టాల మధ్య చూడండి. ఎండ తగలని ఆ భాగంలో అసలు రంగు మిగిలే ఉంటుంది.

రెండోది వ్యోమగాముల తల. ఆ కాలం తలల పైన స్టడ్ (ఇంకో ముక్కను బిగించే గుండ్రటి బొడిపె) నిండుగా, గట్టిగా ఉంటుంది. గాలి ఆడేలా రంధ్రం ఉన్న స్టడ్ చాలా తర్వాత వచ్చింది. 1979 సెట్‌లో రంధ్రమున్న తల కనిపించిందంటే అది తర్వాత చేర్చినదే.

మూడోది సూట్ల రంగు. ఎరుపు, తెలుపు మొదటి నుంచీ ఉన్నాయి, పసుపు 1979లో వచ్చింది, నీలం, నలుపు 1984లో వచ్చాయి. గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్‌లో ఉండాల్సింది ఇద్దరు ఎర్ర సూట్లవాళ్లు, ఇద్దరు తెల్ల సూట్లవాళ్లు. నలుపు సూటు అందంగానే ఉంటుంది గానీ ఈ సెట్‌లో దానికి చోటు లేదు.

కొనే ముందు ఫొటోలు అడిగేటప్పుడు ఈ వరుసలో అడగండి: విండ్‌స్క్రీన్లు, ముద్ర ఉన్న బ్రిక్కులు, నాలుగు హెల్మెట్లు, నాలుగు ఎయిర్ ట్యాంకులు, బేస్‌ప్లేట్లు, వెనక తలుపుల హింజ్‌లు, లోపల పట్టే చిన్న రోవర్. మామూలు నీలం ప్లేట్లు ఎప్పుడైనా దొరుకుతాయి. ఖర్చంతా ఈ జాబితాలోనే ఉంటుంది.

అపోహ: హెల్మెట్ గడ్డం పట్టీ విరగడం పిల్లలు మొరటుగా ఆడినందువల్లే

తొలి హెల్మెట్లలో గడ్డం కింద పట్టీ మరీ సన్నం. తల మీదికి ఎక్కించిన ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ ఒత్తిడంతా ఆ సన్నని వంతెన మీదే పడుతుంది. ప్లాస్టిక్ వయసు పెరిగి పెళుసెక్కాక మెల్లగా తీసినా టక్కున విరుగుతుంది. లోపం అచ్చులోనే ఉంది కాబట్టే తర్వాత పట్టీని మందంగా మార్చారు. విజర్ (ముఖం ముందు పారదర్శక కవచం) బిగించడానికి వీలున్న హెల్మెట్ 1987 నాటిది. అది క్లాసిక్ స్పేస్ వ్యోమగామి తల మీద కనిపిస్తే ఎవరో మార్చారని అర్థం.

హెల్మెట్ తీయాలంటే గడ్డం పట్టీ పట్టుకుని ముందుకు లాగకండి. మొండేన్ని రెండు వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, బొటనవేలితో హెల్మెట్ వెనక అంచును నిటారుగా పైకి నెట్టండి. చలి గదిలో ఈ పని వద్దు. ముక్కలు గది వేడికి వచ్చేదాకా ఆగండి. అసలు తీయాల్సిన అవసరమే లేకపోతే తీయకపోవడం ఇంకా మంచిది.

విరిగిన పట్టీని సూపర్ గ్లూతో అతికిస్తే చుట్టూ తెల్లటి పొగమచ్చ పడుతుంది, ఆ మచ్చ పోదు. లెగో ముక్కల ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే ద్రవ సిమెంట్‌ను సన్నని కుంచె మొనతో ఒక్క చుక్క పెడితే అతుకు శుభ్రంగా వస్తుంది. అయినా అమ్మేటప్పుడు అతికించినట్టు చెప్పి తీరాలి.

మొండెం కూడా చూడండి. చేతుల కింద, పక్క గోడల్లో కింది అంచు నుంచి పైకి సన్నని చీలిక వస్తుంది. కాళ్ల భాగం బిగింపు లోపలి నుంచి తోస్తూ ఉండటమే దానికి కారణం. ఫొటోలో చీలిక కనపడదు, దీపానికి అడ్డంగా పెట్టి వంచి చూస్తేనే కనిపిస్తుంది. ఛాతీ మీది గ్రహం ముద్రను భూతద్దంలో చూడండి. అసలు ముద్రలో రంగు నిండుగా, ఒకే పొరగా ఉంటుంది. చుక్కలు చుక్కలుగా కనిపించినా, చుట్టూ పల్చటి పొర అంచు మెరిసినా అది తర్వాత అద్దిన బొమ్మే.

అపోహ: హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచితే ముక్కలు కొత్తవైపోతాయి

రంగు తిరిగి వస్తుంది, ప్లాస్టిక్ కొత్తది కాదు. ఏబీఎస్‌లో కలిసే మూడు పదార్థాల్లో ఒకటి బ్యూటాడయీన్, అంటే రబ్బరు భాగం. అతినీల కిరణాలకు, గాలిలోని ఆక్సిజన్‌కు ముందుగా లొంగేది అదే. ఆ చర్యలో పుట్టే పదార్థాలే పసుపు రంగునిస్తాయి. పెరాక్సైడ్ ఆ రంగునిచ్చే భాగాలను పైపైన చెరిపేస్తుంది, తెగిన రబ్బరు గొలుసులను మళ్లీ కలపలేదు. అందుకే తెల్లబడ్డ ముక్క పెళుసుగానే ఉంటుంది, కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కుతుంది. ఈ సంగతి తెలిసి, తక్కువసార్లు, అవసరమైన ముక్కలకే చేసేవాళ్లకు ఇది మంచి పద్ధతి.

మందుల షాపులో దొరికే 3 శాతం ద్రావణం చాలు. గాఢత పెంచితే పని తొందరగా అవుతుంది, ముక్క మీద తెల్లటి చారలు పడే ప్రమాదమూ పెరుగుతుంది. ముందు ముక్కలను సబ్బు నీళ్లతో కడగండి, జిడ్డు మిగిలిన చోట ద్రావణం పనిచేయదు. స్టిక్కర్లున్నవి, పారదర్శకమైనవి, లోహపు మెరుపున్నవి, రబ్బరు టైర్లు పక్కన పెట్టండి. గాజు పాత్రలో ముక్కలు మునిగేదాకా ద్రావణం పోసి ఎండలో పెట్టండి. మూత బిగించకూడదు, వాయువు విడుదలై పాత్ర పగులుతుంది.

అందరూ పొరపడేది ఆ తర్వాతే. పెరాక్సైడ్ నుంచి బుడగలు పుట్టి బ్రిక్కుల గుల్లల్లో చేరతాయి, ముక్కలు పైకి తేలతాయి. నీటి పైన తేలిన సగం ఒక రంగు, కింద మునిగిన సగం ఇంకో రంగుగా మారి, మధ్యలో గీత పడుతుంది. ఆ గీతను సరిచేయడం చాలా కష్టం. కాబట్టి ముక్కల మీద బరువున్న గాజు మూత పెట్టి ముంచి ఉంచండి, గంటకోసారి కలిపి బుడగలు వదిలించండి, ముక్కలను తిప్పండి. ద్రావణం 40 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. ఎండ మండిపోయే వేళ పాత్రను ఇంకో పెద్ద నీళ్ల పళ్లెంలో దించండి. తేలిక పసుపు కొన్ని గంటల్లో పోతుంది, ముదిరినదానికి ఒకటి రెండు రోజుల ఎండ కావాలి. పూర్తిగా తెల్లబడేదాకా ఆగకండి. కాస్త పసుపు మిగిలి ఉండగానే తీసి బాగా కడిగేయండి. పని జరుగుతున్నంతసేపూ చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. వెనిగర్ గానీ క్లోరిన్ బ్లీచ్ గానీ ఇందులో ఎన్నడూ కలపవద్దు. తెల్లబడటం మాట అటుంచి, అది మనిషికే హాని.

నీలం ముక్కలు పాడవవనే మాట కూడా నిజం కాదు. నీలం మీద పసుపు చేరితే ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. చుట్టుపక్కల నీలమంతా ఒకేలా మారడంతో పోల్చి చూడటానికి ఏమీ ఉండదు, అంతే.

అపోహ: అద్దాల అలమారాలో పెడితే ఎండ భయం లేదు

మామూలు గాజు అతినీల కిరణాల్లో ఒక భాగాన్నే ఆపుతుంది. వాటిలో యూవీ-ఏ అనే రకం చాలావరకు గాజును దాటి లోపలికి వస్తుంది, పసుపుకు అది సరిపోతుంది. కిటికీకి ఎదురుగా లేని గోడ వెతకండి. లోపల దీపం కావాలంటే తెల్లని ఎల్ఈడీ వాడండి, అందులో అతినీల కిరణాలు అతి స్వల్పం. పూర్తి చీకట్లో కూడా మార్పు ఆగదు, కాకపోతే చాలా నెమ్మదిగా సాగుతుంది.

అపోహ: పారదర్శక విండ్‌స్క్రీన్లను గ్లాస్ క్లీనర్‌తో తుడవచ్చు

ఆ కాలపు పారదర్శక ముక్కలు పాలికార్బొనేట్. చాలా గ్లాస్ క్లీనర్లలో అమోనియా ఉంటుంది, అది పాలికార్బొనేట్‌ను తినేస్తుంది. మొదట మసక, తర్వాత వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే ద్రవం, మెత్తని గుడ్డ చాలు. అసిటోన్ అయితే ఏబీఎస్‌ను కరిగించేస్తుంది, నెయిల్ పాలిష్ రిమూవర్‌ను ఈ సెట్ల దరిదాపులకు రానివ్వకండి.

ఒక పారదర్శక ముక్కను ఇంకో పారదర్శక ముక్కకు బిగిస్తే విపరీతంగా పట్టేస్తుంది. లాగితే కీచుమంటుంది, మూల చిట్లుతుంది. అలా ఇరుక్కున్నవాటిని గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, మెల్లగా అటూ ఇటూ ఊపుతూ విడదీయాలి. కత్తి మొన వాడితే అంచు మీద గాటు మిగిలిపోతుంది.

అపోహ: మొత్తం సెట్‌ను డిష్‌వాషర్‌లోనో వాషింగ్ మెషీన్‌లోనో పడేయొచ్చు

నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదనేది లెగో సంస్థ ఇచ్చే సూచనే. ఈ వేడికి ముందుగా బలయ్యేది బేస్‌ప్లేట్. అది పల్చటి రేకు, గోతులున్న చంద్రతలం ప్లేట్ అయితే మరీ సున్నితం, వంగిందంటే ఓడ దాని మీద నిలవదు. చేత్తో కడిగి, తువ్వాలు మీద స్టడ్లు కిందికి వచ్చేలా బోర్లించి ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. తర్వాతి స్పేస్ సిరీస్ ఎం-ట్రాన్‌లోని అయస్కాంతాలను నీళ్లలో ముంచకండి, తుప్పు పడుతుంది.

అపోహ: మోటారు తిరుగుతోంది కాబట్టి 6990 మోనోరైల్ బాగున్నట్టే

1987 మోనోరైల్, 1986లో మొదలైన లైట్ అండ్ సౌండ్ సెట్లు 9 వోల్టుల వ్యవస్థ మీద నడిచేవి. వాటి బ్యాటరీ పెట్టెలో మరిచిపోయిన ఆల్కలైన్ సెల్ కారిందంటే పొటాషియం హైడ్రాక్సైడ్ లోహపు రేకులను తినేస్తుంది. మోటారు తిరిగినా మూత తీసి చూడండి. తెల్లటి పొడి ఉంటే, వెనిగర్‌లో తడిపిన దూది పుల్లతో కొద్దికొద్దిగా తుడిచి, మామూలు నీటి తడితో మరోసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పచ్చటి చిలుము రేకు లోపలికి పోయి ఉంటే ఆ రేకు మార్చాల్సిందే. దాచేటప్పుడు బ్యాటరీలు బయటే ఉండాలి.

అపోహ: 2022 గెలాక్సీ ఎక్స్‌ప్లోరర్ పాతదానికి నకలు

10497 నంబర్‌తో లెగో 90వ వార్షికోత్సవానికి వచ్చిన ఆ సెట్‌లో 1,254 ముక్కలున్నాయి, పాతదానికి మూడు రెట్లకు పైనే. ఓడ పెద్దది, నిర్మాణ పద్ధతి వేరు, హెల్మెట్ పట్టీ మందం. వ్యోమగాములు చూపుకు ఒకేలా ఉంటారు కాబట్టి కొత్త మొండేలు పాత సెట్లలో కలిసిపోయి అమ్మకానికి వస్తున్నాయి. ఛాతీ ముద్ర తళతళలాడుతూ, తల మీద స్టడ్‌కు రంధ్రం ఉంటే అది ఏ కాలం నాటిదో అడగండి.

అపోహ: రిటైర్ అయిన (ఉత్పత్తి ఆగిన) ప్రతి సెట్ ధరా పెరుగుతుంది

రష్యాలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు 1987–2015 కాలానికి చెందిన 2,322 లెగో సెట్ల ధరలు పరిశీలించి, ఏడాదికి సగటున 11 శాతం పెరుగుదల చూపారు. ఈ 11 శాతాన్నే అందరూ చెప్పుకుంటారు. అదే పరిశోధనలో 50 శాతం నష్టపోయిన సెట్లూ ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యంగా అవి తెరవని సెట్ల లెక్కలు. తెరిచి, ఆడి, మళ్లీ సమకూర్చిన సెట్‌కు ఆ సగటు వర్తించదు.

సీల్ తెరవని బాక్స్ కొన్నా లోపలివన్నీ తాజాగా ఉంటాయన్న హామీ లేదు. స్టిక్కర్ల జిగురు ఎండిపోతుంది, టైర్ల రబ్బరు గట్టిపడుతుంది, తేమ తగిలిన చోట సూచనల పుస్తకం అతుక్కుంటుంది. సీల్ దగ్గర అట్ట నార లేచి ఉందా, టేపు అంచు కింద పాత జిగురు గీత కనిపిస్తోందా చూడండి, తెరిచి మళ్లీ అతికించిన బాక్స్ అక్కడే దొరికిపోతుంది. అమ్మేవారైతే మార్చిన ముక్కలు, తెల్లబరిచిన ముక్కలు, అతికించిన హెల్మెట్లు విడివిడిగా రాసి, వాటి ఫొటోలు దగ్గరగా తీసి పెట్టండి.