అమ్మానాన్నలతో బేస్‌బాల్ స్టేడియానికి వెళ్తున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

బే ఏరియాలోని తెలుగు కుటుంబాలకు శాన్‌ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్క్‌లో మ్యాచ్‌లు చూపించడం నా పని. గ్రూప్ టికెట్లు, ప్రయాణం, సీట్లు, తిండి అన్నీ నేనే కుదురుస్తాను. పన్నెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. వచ్చినవాళ్లు మొదట "ఏ మ్యాచ్ బాగుంటుందండీ?" అని అడుగుతారు. నేను "మీతో ఎవరెవరు వస్తున్నారు?" అని అడుగుతాను. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలున్నారా, మోకాళ్ల నొప్పులున్నాయా, చంటిబిడ్డ ఉందా? మీలో అందరికంటే ముందు అలిసిపోయేది ఎవరో తెలిస్తే ఏ రోజు వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎలా వెళ్లాలి అన్నవి తేలిపోతాయి. ఆ మనిషిని మరిచిపోయి ప్లాన్ వేసినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. ఇన్నేళ్లలో నేను మళ్లీ మళ్లీ విన్న మాటలు ఇవి.

అపోహ: జులై నెల, మంచి ఎండాకాలం. స్వెటర్లు ఎందుకు?

అన్నిటికంటే ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది ఇదే. అమ్మానాన్నలు విజయవాడ ఎండలు చూసి వచ్చి ఉంటారు. బయల్దేరేటప్పుడు సన్నీవేల్‌లో కూడా ఎండ బాగానే ఉంటుంది. గంట ప్రయాణం చేసి స్టేడియం దగ్గర దిగేసరికి వాతావరణం మొత్తం మారిపోతుంది. పసిఫిక్ మీది చల్లగాలి, పొగమంచు నగరం మీదుగా వస్తాయి. జులైలో కూడా పగలు 20 డిగ్రీలు దాటితే గొప్ప, రాత్రికి 13 దాకా పడిపోతుంది. పైగా స్టేడియం సరిగ్గా నీటి ఒడ్డున ఉంది. ఈ స్టేడియం సొంత జట్టు జెయింట్స్ 1960 నుంచి 1999 దాకా ఆడిన క్యాండిల్‌స్టిక్ పార్క్ ఇంతకంటే చలి. 2000లో ఇక్కడికి మారాక చాలా నయం. అయినా రాత్రి మ్యాచ్‌లో మూడు గంటలు కదలకుండా కూర్చునేవాళ్లకు ఈ చలి తక్కువేమీ కాదు.

ఒకసారి ఒక పెద్దావిడ నూలు చీరతో, కాళ్లకు మామూలు చెప్పులతో వచ్చారు. మొత్తం తొమ్మిదిలో నాలుగో ఇన్నింగ్స్‌కి పమిట చెంగు చెవుల చుట్టూ చుట్టుకున్నారు. ఆరో ఇన్నింగ్స్‌కి మనవడు షాపుకెళ్లి దుప్పటి కొనుక్కొచ్చాడు. ఆవిడ మాత్రం "బాగానే ఉంది నాన్నా, నువ్వు ఆట చూడు" అంటూనే ఉన్నారు. మన పెద్దవాళ్లు చలేస్తోందని చెప్పరు, మనమే ముందు చూసుకోవాలి. అప్పటి నుంచి నేను పంపే లిస్టులో మొదటి లైను ఇదే: మేజోళ్లు, మంకీ క్యాప్, శాలువా. పెద్దవాళ్లుంటే మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మొదలయ్యే మ్యాచ్ తీసుకోండి. ఇలాంటివి వారాంతాల్లోనే కాదు, వారం మధ్యలో కూడా కొన్ని ఉంటాయి.

అపోహ: డబ్బు పెట్టగలిగితే ముందు వరసే బెస్ట్.

సినిమా హాల్లో ముందు వరస ఎవరికీ వద్దు. బేస్‌బాల్‌లో మాత్రం మనవాళ్లు అదే కోరుకుంటారు. మెట్ల సంగతి ముందు చూడండి. ఈ స్టేడియంలో కింది అంతస్తు సీట్లకు లోపలికి వచ్చే దారి వెనక వైపు ఉంది. అంటే వరస నంబరు పెరిగేకొద్దీ దిగాల్సిన మెట్లు తగ్గుతాయి. ముందు వరసకు వెళ్తే బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ అన్ని మెట్లూ ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి వెనక వరసలే సుఖం. పై అంతస్తు కప్పులా అడ్డొచ్చి ఎండ కూడా తగలదు. కానీ మరీ చివరి వరసల్లో, బాగా ఎత్తుకు లేచిన బంతి ఆ కప్పు వెనక కాసేపు కనబడదు. అందుకే చివరి నాలుగైదు వరసలు వదిలేసి తీసుకోమంటాను.

రెండో సంగతి బంతి. కొట్టిన బంతి గంటకు 160 కిలోమీటర్లు దాటి రావడం ఇక్కడ మామూలే. 2020 సీజన్ నాటికి ఈ లీగ్‌లోని మొత్తం 30 జట్ల స్టేడియాల్లోనూ రక్షణ వలలను పొడిగించారు. చంటిబిడ్డ ఉంటే వల వెనక సీట్లే తీసుకోండి, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. వల లేని చోట కూర్చుంటే బౌలర్ చేతిలోంచి బంతి వదిలేటప్పుడు ఫోన్ చూడకూడదు.

ఇంకో చిన్న విషయం. బ్యాటర్ నుంచి అతనికి సూటిగా ఎదురుగా ఉండే రెండో బేస్ వైపు గీసిన గీత తూర్పు-ఈశాన్యంగా ఉండటం మంచిదని బేస్‌బాల్ నియమావళిలోనే రాసి ఉంది. బ్యాటర్ కళ్లలో సాయంత్రం ఎండ పడకూడదని ఆ ఏర్పాటు. అంటే హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక కూర్చున్నవాళ్లకు ఆ ఎండ వీపు మీద పడుతుంది, ఎదురుగా అవతలి వైపు కూర్చున్నవాళ్లకు ముఖం మీద పడుతుంది. చవగ్గా వచ్చాయని అటు సీట్లు కొంటే టోపీలు మరవకండి.

సముద్రం చూడాలనుంటే పై అంతస్తుకే వెళ్లండి. కుడివైపు గోడ అవతల మెకోవీ కోవ్ నీళ్లు, పడవలు అన్నీ కనిపిస్తాయి. జెయింట్స్ ఆటగాడు బ్యారీ బాండ్స్ ఒక్కడే 35 హోమ్ రన్‌లు (మన సిక్సర్ లాంటివి) నేరుగా ఆ నీళ్లలో పడేలా కొట్టాడు. ఆ గోడ ఎత్తు 24 అడుగులు, జెయింట్స్ పాతతరం దిగ్గజం విల్లీ మేస్ జెర్సీ నంబరు కూడా 24. ఈ మాట చెబితే పిల్లలు గోడను వేరే కళ్లతో చూస్తారు. పైన మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి లిఫ్ట్ ఎక్కడుందో ముందే కనుక్కోండి.

అపోహ: క్రికెట్ చూసే మనకు ఇది ఎక్కదు.

అందరికంటే తొందరగా పట్టుకునేది క్రికెట్ చూసే పెద్దవాళ్లే. నేను రైల్లోనే నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగ్, అలా తొమ్మిది ఇన్నింగ్స్. క్రికెట్‌లో బంతిని చుట్టూ ఎటైనా కొట్టొచ్చు. ఇక్కడ ఎదురుగా గీసిన రెండు గీతల మధ్యనే కొట్టాలి, బయటికెళ్తే ఫౌల్. ఫౌల్ బంతిని కూడా నేల తాకకముందే పట్టేస్తే అవుటే. సొంత ఊరి జట్టు ఎప్పుడూ రెండోదిగా బ్యాటింగ్ చేస్తుంది, అంటే చేజింగ్ ఎప్పుడూ మనదే. ఇంత తెలిస్తే చాలు, మిగతాది మైదానమే నేర్పుతుంది.

గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక బాబాయిగారికి మొదటి రెండు ఇన్నింగ్స్ ఏమీ పట్టలేదు. మూడో ఇన్నింగ్స్‌లో గీత పక్కన స్టూలు మీద తన వయసు మనిషొకాయన గ్లవ్ వేసుకుని కూర్చుని ఉండటం చూశారు. జెయింట్స్ మైదానంలో గీత దాటి వచ్చే బంతుల్ని ఆపే పని వయసు మళ్లినవాళ్లు చేస్తారు, వాళ్లను బాల్‌డ్యూడ్ అంటారు. ఆయన దొర్లుకుంటూ వచ్చిన ఒక బంతిని వంగి అందుకుని, నడిచి వచ్చి, మా ముందు వరసలోని పాపకిచ్చి వెళ్లారు. బాబాయిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "బంతి తిరిగివ్వక్కర్లేదా?" అన్నారు. అక్కర్లేదు, స్టాండ్స్‌లోకి వచ్చిన బంతి ప్రేక్షకుడిదే. పాప చేతిలోంచి ఆ బంతి తీసుకుని, ఎర్ర దారం కుట్టు మీద బొటనవేలితో రాసి చూసి, "మన బంతికి ఉన్నట్టే కుట్టు" అన్నారు. ఆ తర్వాత తొమ్మిదో ఇన్నింగ్స్ దాకా సీట్లోంచి కదల్లేదు.

అపోహ: రోజంతా పడుతుంది.

2023లో బౌలర్ ఇన్ని సెకన్లలోపే బంతి వేయాలని గడియారం పెట్టారు. 2022లో సగటున మూడు గంటలు దాటిన మ్యాచ్ మరుసటి ఏడే సుమారు 2 గంటల 40 నిమిషాలకు వచ్చింది.

అపోహ: శాకాహారులకు లోపల ఏమీ దొరకదు, బయటి తిండి రానివ్వరు.

ఒరాకిల్ పార్క్‌లోకి ఇంటి తిండి తెచ్చుకోవచ్చు. నీళ్లు, కూల్‌డ్రింకులైతే సీలు తీయని ప్లాస్టిక్ సీసాలు కావాలి. మా గ్రూపులో చింతపండు పులిహోర తప్పకుండా ఉంటుంది. స్టీలు క్యారియర్లు వద్దు, పల్చటి డబ్బాల్లో పెట్టుకోండి. బ్యాగు సైజు నియమాలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజు రాత్రి జట్టు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. లోపల వెల్లుల్లి ఫ్రైస్ ప్రసిద్ధి, పిల్లలు వదలరు. నిష్ఠగా ఉండేవాళ్లయితే ఏ నూనెలో వేయించారో అడిగి కొనండి. లోపల నగదు తీసుకోరు, అమ్మానాన్నల చేతిలో ఒక కార్డు పెట్టండి. చివరి ఇన్నింగ్స్‌లలో సముద్రపు పక్షులు గుంపులుగా దిగుతాయి. అప్పటికి డబ్బాలు మూసేయండి.

అపోహ: టికెట్లు మనలాంటివాళ్లకు అందవు.

సీజన్‌లో ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు, సొంత మైదానంలోనే 81. ధర రోజును బట్టి, ఎదుటి జట్టును బట్టి మారుతుంది. జెయింట్స్‌కి పాత ప్రత్యర్థి, లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ వచ్చే శనివారానికీ, ఏప్రిల్‌లో ఒక మంగళవారానికీ పోలికే లేదు. మొదటిసారి వచ్చేవాళ్లకు డాడ్జర్స్ మ్యాచ్ నేను చెప్పను. జనం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, చూసే ఆట మాత్రం అదే. అసలు టికెట్ లేకుండానే కుడివైపు గోడ కింద, నీటి పక్కన ఉన్న కమానుల దగ్గర నిలబడి కాసేపు ఉచితంగా చూడొచ్చు.

టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. ఎవరి టికెట్ వాళ్లకు ఇంటి దగ్గరే పంపేయండి. గేటు దగ్గర వేలమంది ఉన్నప్పుడు నెట్ నెమ్మదిస్తుంది.

అపోహ: పెద్దవాళ్లుంటే కారే సుఖం.

వెళ్లేటప్పుడు సుఖమే. తిరిగొచ్చేటప్పుడు చీకట్లో, చలిలో కారు దాకా నడక, ఆ తర్వాత బయటపడటానికి ట్రాఫిక్‌లో ఎదురుచూపు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కారులో బ్యాగు కనబడేలా వదిలితే అద్దం పగలొచ్చన్న భయం ఒకటి. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ, శాన్‌హోసే వాళ్లకు క్యాల్‌ట్రెయిన్ ఉంది. చివరి స్టేషన్ నుంచి స్టేడియం ఐదారు నిమిషాల నడక. 2024 సెప్టెంబరు నుంచి కరెంటు రైళ్లు నడుస్తున్నాయి, ముందుకంటే వేగం, చప్పుడు తక్కువ. ఫ్రీమాంట్ వాళ్లు బార్ట్ రైల్లో ఎంబార్కడేరో స్టేషన్ దాకా వచ్చి, అక్కడ ఎన్ లైను మ్యూనీ (నగరంలో తిరిగే రైలు) ఎక్కితే స్టేడియం పక్కనే దిగుతారు.

తిరుగు రైలు టైము ముందే రాసిపెట్టుకోండి. పెద్దవాళ్లుంటే ఎనిమిదో ఇన్నింగ్స్ అవ్వగానే ఒకరు వాళ్లను తీసుకుని మెల్లగా స్టేషన్‌కి బయల్దేరండి. మిగతావాళ్లు ఆట చూసి పరుగున వచ్చి కలుస్తారు, పెద్దవాళ్లకు కూర్చోవడానికి సీటు దొరుకుతుంది.